మీ నాయనకు చెప్పు

ఆ సినిమా చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. పేరు కూడా గుర్తులేదు. తొంభైల చివర్లో, ధర్మవరంలో, ఒక అమావాస్య నాడు మ్యాట్నీకి పోయి, కథ తేలబోయే వేళకు లేచి వచ్చేశాం. ఇంగ్లీషు సినిమాకు తెలుగు మాటలు అతికించి వదిలిన రకం అది. ఆ తర్వాత కొన్నేళ్లకు హిందూపురంలో సీడీలు అద్దెకిచ్చే అంగళ్లు వీధికొకటి వెలిశాయి. ఒక అంగట్లో అడిగాను, "మొగుడూ పెండ్లాల మధ్య రేకు మనిషి మాటలు మోస్తుంటాడే, హత్యలుంటాయి, నవ్వు కూడా వస్తుంది, ఆ సినిమా ఉందా" అని. అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, "అట్లాంటివి మేం పెట్టమమ్మా" అన్నాడు. ఏమనుకున్నాడో ఏమో. మళ్లీ ఎక్కడా అడగలేదు.

మాది పెనుకొండ. నాయన హిందూపురంలో ఒక నూలు మిల్లులో ఫిట్టరు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేసేది. ఆ చీరలు ధర్మవరం నుంచి మా చిన్నమ్మ పంపేది. వాళ్లకు నేనొక్కదాన్నే. నేను హైస్కూల్లో చేరిన ఏడు నుంచి అమ్మకూ నాయనకూ మాటల్లేవు.

కారణం చెబితే నవ్వుతారు. ఆమడగూరు దగ్గర మా మేనమామ పెళ్లి. భోజనాల బంతిలో ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తున్న ఆయన నాయన ఆకు దాటి పక్క ఆకుకు పోయాడు. కావాలని దాటాడో, పరాకుగా దాటాడో దేవుడికి తెలియాలి. నాయన సగం తిన్న ఆకు ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. మా వైపు తింటున్న ఆకు ముందు నుంచి అల్లుడు లేచాడంటే అది చిన్న సంగతి కాదు. పెద్దవాళ్లు బతిమాలుతుంటే అమ్మ నలుగురిలో అనేసింది, "లేచిన మనిషిని నేనైతే పిలిచేది లేదు" అని. "పిలిస్తే పలికేవాడెవడు" అన్నాడు నాయన. ఆ రెండు మాటలే వాళ్లు ఒకరితో ఒకరు ఆడిన ఆఖరి మాటలు. ఆ ఓళిగ నా ఆకులో పడింది, నేను తిన్నాను కూడా.

అట్లని వాళ్లిద్దరూ పగవాళ్లేం కాదు. శుక్రవారం శుక్రవారం నాయన హిందూపురం నుంచి మల్లెపూలు తెచ్చేవాడు. తెచ్చి నా చేతికిచ్చి, "మీ అమ్మకియ్యి" అనేవాడు. అమ్మ ఆ పూలు పెట్టుకుని, ఆయన మిల్లు చొక్కాకు ఊడిన గుండీ కుట్టి, నా చేతికిచ్చి, "మీ నాయనకియ్యి" అనేది. ఆయన తినందే తను తినేది కాదు. మాట మాత్రం నా మీదుగా పోయి నా మీదుగా రావాలి.

మాది ఒక గది, దానికొక వంటిల్లు. ఎవరు గొణిగినా అందరికీ వినబడుతుంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి అంటుంది, "మీ నాయనకు చెప్పు పాపా, ఇంట్లో బియ్యం అయిపోయి రెండు దినాలాయ. కండ్లు కనపడతాండాయో లేదో అడుగు." నాయన మూడడుగుల దూరంలో గోడకానుకుని కూర్చుని ఉంటాడు. ప్రతి అక్షరమూ విన్నాడు. అయినా కదలడు. నేను ఆయన వైపు తిరిగి, "నాయనా, బియ్యం తేవల్లంట" అంటాను. అప్పుడు నాయన గొంతు సవరించుకుని, "మీ అమ్మకు చెప్పు, రేపు జీతమొస్తానే తెస్తానని. కండ్లు బాగానే ఉండాయని కూడా చెప్పు" అంటాడు. నేను పొయ్యి వైపు తిరిగి, "రేపు తెస్తాడంటమ్మా" అంటాను. కళ్ల సంగతి ఎటు నుంచీ నేను చెప్పను. వాళ్లూ అడగరు. ఇద్దరూ అసలు మాట విన్నారు, కాని జవాబు మాత్రం నేను చెప్పిన మాటకే ఇచ్చారు. నా చిన్న బుర్రకు అది అప్పుడు వింతగా తోచలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, విన్న మాటకు కోపం తెచ్చుకోకుండా ఉండటానికే వాళ్లకు నేను కావలసి వచ్చానేమో అనిపిస్తుంది.

నేను బడికి పోతే మాత్రం గోడలతో మాట్లాడేవాళ్లు. "ఏమే గోడా, అన్నం ఆరిపోతాండాది, తినేవాళ్లకు పట్టదా" అనేది అమ్మ. నాయన తన సైకిలుతో చెప్పుకునేవాడు, "ఈ దినం డ్యూటీ పొద్దుపోతాదప్పా" అని. ఒకనాడు మిల్లుకు సెలవైన రోజున అమ్మ పక్కింటి వైపు గోడను చూసి, "కొందరికి ఎంత చేసినా విశ్వాసం ఉండదు" అంది. నాయన్ను అన్నది. అవతల పొయ్యి ఊదుకుంటున్న పక్కింటామె తననే అనుకుంది. అప్పటికి వారం కిందటే ఆమె మా ఇంట్లో చాటెడు శనక్కాయలు తీసుకుపోయి ఉంది. మరునాడు చాటెడు శనక్కాయలు గడప మీద పోసి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. నెల రోజులు మా ఇంటి మొహం చూడలేదు. ఆ గొడవ తీర్చడానికీ నేనే పోయాను.

నవ్వులాటగా చెబుతున్నాను గాని అందులో భయం కూడా ఉండేది. ఒకసారి నాయనకు చలిజ్వరం వచ్చింది. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఆయన పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఉంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో తెలియదు, ఆమె చీర కుచ్చిళ్లన్నీ తడిసిపోయాయి. నేను గడపలో కాలు పెట్టీ పెట్టకముందే, "మీ నాయన్ను అడుగు పాపా, తల నొస్తాందేమో" అంది. గోడను అడిగితే జవాబు రాదు కదా, పొద్దుటి నుంచి ఆ ఒక్క మాట అడగడానికి నా కోసం కాచుకుని ఉంది. నాయన కళ్లు మూసుకునే, "నొస్తాందని చెప్పు" అన్నాడు. పుస్తకాల సంచి కూడా దించకుండా నేను చెప్పాను.

అందుకే నాకు అనంతపురంలో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చినప్పుడు, హాస్టల్లో ఉండాలని తెలిసినప్పుడు, పోకూడదని లోలోపల అనుకున్నాను. నేను పోతే ఆ గదిలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఇంకొకరికి తెలిసే దారి లేదు. టీచరు కావాలని నాకెంత ఆశ ఉండేదో మాటల్లో చెప్పలేను. పిల్లలు దొరక్కపోతే గోడకు కూడా పాఠం చెప్పేదాన్ని, మా ఇంట్లో గోడలకు అది అలవాటే. అయినా పోనని చెప్పడానికే సిద్ధపడ్డాను. ఎప్పుడు చెప్పాలా అని చూస్తుండగానే, హాస్టలుకు పోయే ముందు భోజనానికి రమ్మని చిన్నమ్మ ధర్మవరం పిలిచింది. ముగ్గురినీ పిలిచింది.

అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గం ఎక్కరు. ఊరంతా తీరిగ్గా ఉంటుంది, సినిమా హాళ్లు కిటకిటలాడతాయి. చిన్నమ్మ మాకు అన్నం పెట్టి, టికెట్లు కూడా తనే తెప్పించింది. ఆమె ఎత్తుగడ నాకు తెలుసు. హాల్లో వరస చివర నన్ను కూర్చోబెట్టి, నా పక్కన అమ్మ, అమ్మ పక్కన నాయన వచ్చేట్టు చూసింది. లైట్లు ఆరీ ఆరకముందే అమ్మ నన్ను లేపి, తను చివరకు జరిగి, నన్ను మధ్యలో వేసుకుంది. చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది.

సినిమాలో అదేదో మంచు కురిసే ఊరు. ముసలితనం ఇంకా పూర్తిగా రాని మొగుడూ పెళ్లాం. మాటల్లేవు. ఆమె మేడ మీద, ఆయన కింద. వాళ్ల కూతురు ఒక కంపెనీ నుంచి రేకు మనిషిని, అదే మరమనిషిని, తోడుగా తెప్పించి పెట్టి పోతుంది. బీరువా అంత ఉన్నాడు, మెడకు టై కట్టుకుని ఉన్నాడు, మెట్లెక్కితే మోకాలు కీచుమంటుంది. వాడికి తెలుగు గొంతిచ్చిన ఆయనెవరో గాని పెళ్లి పత్రిక చదువుతున్నట్టు మాట్లాడాడు. మొగుడు కింద నుంచి అరుస్తాడు, "ఆ దెయ్యానికి చెప్పు, దాని సూపు తాగేకంటే కుడితి నయమని." రేకు మనిషి కీచు కీచుమంటూ మేడెక్కి, "అమ్మగారూ, అయ్యగారు తమరి సూపును గురించి ముచ్చటించారు" అంటాడు. ఆమె సిగ్గుపడి ఇంకో గిన్నె పంపుతుంది.

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. పక్కకు చూస్తే అమ్మ తెర వైపే చూస్తోంది, నాయనా తెర వైపే చూస్తున్నాడు, ఇద్దరి మొహాల్లోనూ ఏమీ లేదు. తమ సంగతి కాదన్నట్టే కూర్చున్నారు.

తర్వాత కథ చీకట్లోకి తిరిగింది. మొగుడూ పెళ్లాం మెల్లగా మెత్తబడతారు. ఆమె పౌడరు రాసుకుంటుంది, ఆయన గడ్డం గీసుకుంటాడు. రేకు మనిషి మాత్రం ఒక సంగతి కనిపెడతాడు. వీళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకున్న రోజున తనను మూట కట్టి కంపెనీకి పంపేస్తారు. ఇక అక్కడి నుంచి వాళ్లను కలపడానికి వచ్చిన వాళ్లు ఒక్కొక్కరే మాయమవుతారు. రాజీ చేద్దామని వచ్చిన ఆమె తమ్ముడు ఐసుపెట్టెలో బఠానీల మధ్య తేలతాడు. మేడకూ కిందికీ ఫోను కలపడానికి వచ్చినవాడు నిచ్చెన మీద నుంచి పడతాడు. ప్రతి చావు తర్వాత రేకు మనిషి టై సరిచేసుకుని ఇద్దరికీ టీ ఇస్తాడు. జనం ఈలలు వేశారు. మా చిన్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం వాడి మీద కోపం రాలేదు. పాపం, వాడికి చేతనైన పని అదొక్కటే కదా అనిపించింది. అనిపించినందుకు భయం వేసింది.

చివరికి మొగుడికీ పెళ్లానికీ సంగతి తెలిసిపోయింది. రేకు మనిషిని ఆపాలంటే వాడి రొమ్ము మీద ఒక మీట, వీపు మీద ఒక మీట, రెండూ ఒకేసారి నొక్కాలి. ఆమె ముందు నిలబడింది, ఆయన వెనక నిలబడ్డాడు. మధ్యలో బీరువాలా వాడు, ఒకరికొకరు కనబడరు. "ఇప్పుడు" అని ఇద్దరిలో ఎవరో ఒకరు గట్టిగా అనాలి. ఇద్దరికీ నోరు పెగలదు. రేకు మనిషి మర్యాదగా అడుగుతున్నాడు, "అమ్మగారికి ఏం మనవి చేయమంటారు?"

ధర్మవరం జనం ఊరుకుంటారా? "చెప్పప్పా! నోరు తెరు!" అని కింది తరగతి నుంచి ఒకడు లేచాడు. "నువ్వన్నా అనమ్మా, సచ్చిపోతారు ఇద్దరూ" అని ఆడవాళ్లు. హాలంతా వాళ్లను బతిమాలుతోంది.

సరిగ్గా అప్పుడు నాయన నా చెవి దగ్గరకు వంగి, "పాపా, మీ అమ్మకు చెప్పు, బండికి టైమాయ" అన్నాడు. ఆ మాట వింటూనే అమ్మ సంచి చంకకు తగిలించుకుంది. తగిలించుకుని కూడా లేవలేదు. నా మొహం చూస్తూ కూర్చుంది. "పోదామంటమ్మా" అన్నాను. అప్పుడు లేచింది.

వెనక వరసలో కూర్చున్న నేతాయన ఒకడు మొదటి నుంచీ మమ్మల్ని గమనిస్తున్నాడు కాబోలు, నేను లేచి నిలబడగానే ముందుకు వంగి, "ఏం పాపా, నీకు స్విచ్చి యాడ పెట్టినారు?" అన్నాడు. ఆ వరసంతా గొల్లుమంది. అమ్మ వింది, నాయన విన్నాడు. ఇద్దరూ తలలు వంచుకుని బయటికి నడిచారు. నేను చిన్నమ్మకు సరిగ్గా చెప్పను కూడా చెప్పకుండా వచ్చేశాను.

స్టేషనుకు నడుస్తున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది. ఆ నేతాయన మీద కాదు. నాకు అటొకరు ఇటొకరు నడుస్తున్న ఈ ఇద్దరి మీద. ఇన్నేళ్లు నా నోరు వాడుకున్నారు. పరాయివాడు నన్ను అంత మాటంటే, ఇద్దరిలో ఒక్కరికి నా తరఫున నోరు రాలేదు. దారిలో అమ్మ, "ఎండకు గొంతెండుకుపోయె, మీ నాయన్ను స్టేషన్లో నీళ్లు పట్టమను" అంది. ఈసారి మెత్తగా మార్చకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. గట్టిగా చెప్పాను. దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు.

హిందూపురం ప్యాసింజరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. మమ్మల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి నాయన సీసా తీసుకుని కొళాయి దగ్గరకు పోయాడు. అక్కడ జనం గుంపుగా ఉన్నారు. ఎవరో మిల్లులో తెలిసినవాడు కలిశాడు, మాటల్లో పడి నాయన మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఇంజను కూసింది.

"పిలువు పాపా మీ నాయన్ను" అంది అమ్మ.

నేను పలకలేదు.

"ఏమే, బండి కదుల్తాది, పిలువే!"

నేను ఎదురుగా ఉన్న చెక్క మీద ఎవరో గీకిన పేర్లు చూస్తూ కూర్చున్నాను. పంతమో, ఏడుపో, రెండూనో. నా పళ్లు ఒకదాని మీద ఒకటి బిగుసుకుపోయాయి. అమ్మ నా భుజం పట్టి ఊపింది. "నోరు పడిపోయిందేమే నీకు!" పెట్టెలు ఒక్క కుదుపుతో కదిలాయి. అమ్మ కిటికీ ఊచల్లో మొహం పెట్టి నోరు తెరిచింది. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. మొగుడి పేరు ఎత్తే ఆడది కాదు. మునుపెప్పుడో ఏమని పిలిచేదో ఆ పిలుపును ఇన్నేళ్లలో ఎక్కడో పోగొట్టుకుంది.

అప్పుడు మా అమ్మ చేసిన పని ఇంకెవరూ చెయ్యరు. సంచి చంకనేసుకుని, చెప్పులు చేత పట్టుకుని, నడక మాత్రంగా కదులుతున్న బండి నుంచి దిగిపోయింది. మొగుణ్ని కేక వెయ్యడం కంటే బండి పోగొట్టుకోవడమే నయమనుకుంది. ఎవరో "ఏయమ్మా!" అని అరిచారు. ఆమె తూలి నిలదొక్కుకుంది. నేనూ దిగి ఉండొచ్చు. దిగలేదు. కిటికీలో నుంచి చూస్తే, ఆమె కొళాయి వైపు నడుస్తోంది, నాయన అప్పుడే సీసాతో ఇటు తిరిగాడు. అంతలో బండి ప్లాట్‌ఫారం దాటింది, పక్క పట్టాల మీదున్న గూడ్సు అడ్డమొచ్చింది.

పెనుకొండలో ఒక్కదాన్నే దిగి ఇంటికొచ్చాను. దీపం పెట్టి, అన్నం వండి, గడపలో కూర్చున్నాను. కోపం దిగిపోయాక దడ మొదలైంది. టికెట్లు నాయన జేబులో, డబ్బులు అమ్మ సంచిలో. ఒకరినొకరు ఒక్క మాట అడక్కుండా ఆ ప్లాట్‌ఫారం మీద ఎన్ని గంటలని నిలబడతారు? వేరే వేరే బస్సులెక్కి వేరే వేరే ఊళ్లకు పోతారేమో అని కూడా అనుకున్నాను. నేనొక్క కేక వేసి ఉంటే సరిపోయేది. ఇక అనంతపురం మాట ఎత్తకూడదని, వాళ్లు ఇల్లు చేరగానే పోనని చెప్పేయాలని ఒట్టు పెట్టుకున్నాను.

వాళ్లు కనబడక ముందే వినబడ్డారు. వీధి మలుపులో నుంచి మా అమ్మ గొంతు.

"నీళ్లకని పోయి ఆడ సంసారం పెడితే బండి నిలబడతాదా?"

"పిలిచింటే వస్తాంటి కదా! నోట్లో ఏం పెట్టుకోనుంటివి?"

"ఏమని పిల్చేది? ఏమని పిలవల్ల నిన్ను?"

"ఏదో ఒకటి అనింటే తిరిగి చూస్తాంటినే! ఓయ్ అన్నా చూస్తాంటి!"

వీధి వీధంతా బయటికొచ్చింది. పక్కింటామె చాటతో సహా వచ్చి నిలబడి, వాళ్లిద్దరి వైపూ నా వైపూ నోరు తెరుచుకుని చూసింది. నేను గడపలో లేచి నిలబడ్డాను. అలవాటు చొప్పున నా బుర్ర ప్రతి మాటనూ మెత్తగా మార్చుకుంటూ పోతోంది. నీళ్ల దగ్గర ఆలస్యమైందంట నాయనా. పిలిస్తే వచ్చేవాడంటమ్మా. ఎవరూ నా వైపు చూడలేదు. ఒకరి మీదికొకరు మాటలు విసురుకుంటూ నన్ను దాటుకుని లోపలికి పోయారు.

"అన్నం పెట్టేదా?" అన్నాను. వినబడలేదు. కంచాలు పెట్టి వడ్డించాను. తింటూనే కొట్లాడారు. స్టేషను నుంచి బస్టాండు దాకా ఎవరు ముందు నడిచారు, బస్సులో కిటికీ పక్కన ఎవరు కూర్చున్నారు, అన్నీ అయ్యాక నా ప్రయాణం సంగతికి వచ్చారు. పాపకు ట్రంకు పెట్టె ఇచ్చి పంపాలని నాయన. ఆ తుప్పు పెట్టె ఎవరు మోస్తారు, సంచి చాలని అమ్మ. శనక్కాయ పొడి కొట్టాలని ఒకరు, దారిలో ఒలికిపోతుందని ఒకరు. పోతావా అని నన్ను అడిగినవాళ్లు లేరు. పోనని చెప్పాలనుకున్న మాట చెప్పడానికి సందు దొరకలేదు.

నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. సంతోషమే, కాదనను. ఇన్నేళ్లు నేను దేనికోసం దేవుళ్లకు మొక్కుకున్నానో అది జరిగింది. కాని సంతోషం ఒక్కటే కాదు. ఆ ఇంట్లో నా పని అయిపోయింది. వాళ్లు మళ్లీ మాటలు మానేస్తే బాగుండునని ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, మనసారా కోరుకున్నాను. ఐసుపెట్టె మూత వేస్తున్న ఆ రేకు మనిషి నాకు అయినవాడిలా తోచాడు.

గదిలో కొట్లాట ఆగింది. అమ్మ గొంతు తగ్గించి అనడం వినబడింది.

"ఇదో, పాప ఏడుస్తాండాది. ఏంటికో అడుగు పో."

నాయన వచ్చి వంటింటి గడపలో గొంతుక్కూర్చున్నాడు. ఎంగిలి చెయ్యి ఇంకా కడుక్కోలేదు.

"ఏంటికమ్మా ఏడుస్తాండావు? మీ అమ్మ అడుగుతాండాది."

అమ్మ ఆయన వెనకే ఉంది. నాకు ఆమె పాదాలు కనబడుతున్నాయి.

"ఏం లేదని చెప్పు నాయనా" అన్నాను.